ఆ పరికరం ఎవరి కోసం?

(విజయనగరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, పెద్దవాళ్ళను చూసుకుంటున్న కుటుంబాల ముందు ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఫైనల్ ఇయర్ పిల్లలున్నారు, వెనక వరసల్లో ఇంట్లో అమ్మనో నాన్ననో అత్తగారినో చూసుకుంటున్నవాళ్ళున్నారు. ఇద్దరితో ఒకేసారి మాట్లాడడం కొంచెం కష్టమే. సర్క్యూట్ సంగతులు వచ్చినప్పుడు వెనకవాళ్ళు ఓపిక పట్టండి, వంటింటి సంగతులు వచ్చినప్పుడు ముందువాళ్ళు ఫోన్లు తీయకండి. ముందే చెప్తున్నా, ఇవాళ సర్క్యూట్ కన్నా వంటింటి మాటలే ఎక్కువ.

మీ ప్రాజెక్టుల జాబితా మీ మేడమ్ నాకు ముందే పంపించారు. అందులో డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా తగ్గిపోయే జబ్బు, ఉన్నవాళ్ళ కోసం అని పెట్టినవి వరసగా చూశాను. చేతికి కట్టే జీపీఎస్ పట్టీ. గదిలో కెమెరా. వీధి తలుపు తీస్తే కొడుకు ఫోన్‌కి మెసేజ్. గ్యాస్ లీకైతే కూతురి ఫోన్‌కి మెసేజ్. పని బాగానే చేస్తాయి, ఆ సందేహం లేదు. కానీ ఒక్కటి చూడండి. వీటిలో ఏదీ ఆ పెద్దాయనతో మాట్లాడదు. ఆయనకి ఏమీ చెప్పదు, ఏమీ అందించదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుక్కి టెన్షన్ తగ్గాలని విజయనగరంలో తండ్రి చేతికి ఒక పట్టీ పడింది, అంతే. ఆ టెన్షన్‌ని నేను తక్కువ చేయడం లేదు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పిల్లలు దూరాన లేని ఇల్లు ఎక్కడుంది? చదువుకున్నవాళ్ళు ఒక దారి, పనులకు వెళ్ళినవాళ్ళు ఒక దారి, ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళే. అయినా సరే, జబ్బు ఇంకా తొలి దశలో ఉన్న మనిషి కోసం పరికరం చేస్తున్నాం అన్నప్పుడు, అది ఆ మనిషి చేతికి అందాలి కదా. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే సంగతులే.

లెక్కలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దగ్గరదగ్గర 88 లక్షల మందికి ఉందని లాసీ-డాడ్ అనే అధ్యయనం 2023లో అంచనా కట్టింది. ఆ అధ్యయనంలో మీరు రాసుకోవాల్సింది ఈ 88 లక్షలు కాదు. ఆడవాళ్ళలో, పల్లెల్లో, బడికి వెళ్ళనివాళ్ళలో ఇది ఎక్కువగా కనిపించింది. ఇప్పుడు మీ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ బొమ్మ గుర్తు చేసుకోండి. కళ్ళద్దాలు పెట్టుకుని, టాబ్లెట్ పట్టుకుని నవ్వుతున్న రిటైర్డ్ ఆఫీసరుగారు. అసలు మనిషి ఆయన కాదు. మెరకముడిదాం వైపు ఒక ఊళ్ళో చదువురాని మామ్మగారు. తెర మీద మీరు ఎంత చక్కగా రాసినా ఆవిడకి అది గీతలే.

తొలి దశలో ఏం పోతుంది, ఏం మిగులుతుంది, ఇది తెలియకుండా డిజైన్ మొదలెట్టకూడదు. ముందుగా దెబ్బ తినేది కొత్త సంగతుల్ని పట్టుకునే శక్తి. పొద్దున్న ఎవరొచ్చారో, మాత్ర వేసుకున్నానో లేదో, ఇవాళ ఏ వారమో. వరసగా నాలుగైదు మెట్లున్న పని మధ్యలో తెగిపోతుంది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కానీ చేతులకి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. బియ్యం కడగడం, ముగ్గు వేయడం, తాళం తీయడం, రేడియో మీట తిప్పడం, ఇవన్నీ మెదడులో వేరే చోట పదిలంగా ఉంటాయి. తనంతట తాను గుర్తు తెచ్చుకోవడం కష్టం, కళ్ళ ముందు కనబడితే గుర్తుపట్టడం తేలిక. ఇంకో ముఖ్యమైన విషయం, తనకేదో తేడా వస్తోందని ఈ దశలో చాలామందికి తెలుసు. సిగ్గుపడతారు, దాచుకుంటారు, కోపగించుకుంటారు.

దీన్నుంచి ఇంజనీరుకి ఒక గట్టి నియమం వస్తుంది. కొత్తగా నేర్చుకోవాల్సిన పరికరం పనికిరాదు. మీరు ఇవాళ నేర్పిస్తే రేపటికి ఉండదు. ఏ రోజు చూసినా అదే మొదటిసారి అన్నట్టు, చూడగానే చెయ్యి దానంతటది వెళ్ళేలా ఉండాలి. అందుకే నేను పాత రూపంలో కొత్త పని పెట్టమంటాను. రేడియో అలవాటున్న ఆయనకి రెండు మీటల రేడియో పెట్టె ఇవ్వండి, లోపల మెమరీ కార్డు, ఎమ్‌పీ3 మాడ్యూల్ పెట్టండి. ఒక మీట తిప్పితే పాట, రెండోది తిప్పితే సౌండ్. ఆయనకి అది రేడియోనే. మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి నడుస్తున్న ఊరు ఇది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ. హరికథలు, వయొలిన్ కచేరీలు వింటూ పెరిగిన చెవులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. పాట జ్ఞాపకం మిగతా జ్ఞాపకాల కన్నా ఎక్కువకాలం నిలవడం డాక్టర్లు కూడా చూస్తూనే ఉంటారు. ఇంత చవకైన ప్రాజెక్టు మీ జాబితాలో ఒక్కటీ లేదు, ఎందుకంటే దీనికి యాప్ ఉండదు.

పరికరాల దాకా వెళ్ళేముందు ఒక్క మాట. కళ్ళు, చెవులు చూపించారా? శుక్లాలు ముదిరిన కంటికి మీ డిస్‌ప్లే ఎంత పెద్దదైతే ఏం లాభం. వినికిడి తగ్గడం డిమెన్షియాకి ఒక ముప్పు కారణమని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2017 నుంచీ చెబుతోంది. చెవి మెషీను కూడా సహాయక పరికరమే, అన్నిటికన్నా ముందు రావాల్సిన పరికరం. పేద కుటుంబాల పెద్దవాళ్ళకి కళ్ళజోళ్ళు, చెవి మెషీన్లు, చేతికర్రలు ఇవ్వడానికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని 2017లో కేంద్రం పెట్టింది, అడగండి. థైరాయిడ్ తేడా, బీ12 లోపం, డిప్రెషన్, వీటి వల్ల వచ్చే మతిమరుపు మందులతో చాలావరకు తగ్గుతుంది. ఆ రక్తపరీక్షలు చేయించకుండా ఎవరూ పరికరాలు కొనకండి.

సరే, గడియారం. డిమెన్షియా పరికరాల్లో అన్నిటికన్నా సాదాది, నా లెక్కలో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. మధ్యాహ్నం పడుకుని అయిదింటికి లేచిన మనిషికి అది తెల్లారగట్ల అయిదో, సాయంత్రం అయిదో తెలియదు. ముళ్ళ గడియారం చూడడం ఆయనకి వచ్చు, అయినా దాంట్లో జవాబు లేదు. స్నానం చేసి, పంచె కట్టుకుని, చీకటిపడే వేళకి పేపరు కోసం గుమ్మంలో నిలబడతాడు. ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. ఆయన కుంచించుకుపోతాడు. పగలా రాత్రా చెప్పే గడియారాలు బయటి దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. శ్రీకాకుళం వాళ్ళకి మాత్రం డే అండ్ నైట్ అంటే జంక్షనే గుర్తొస్తుంది అనుకోండి. ఆన్‌లైన్‌లో దొరికేవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో “మంగళవారం, సాయంత్రం” అని పెద్దగా చూపించే గడియారం మన కాలేజీలోనే తయారుకావచ్చు.

తెలుగులో అనగానే ఎలక్ట్రానిక్స్ పిల్లలకి మొదటి గోడ తగులుతుంది. మీ ల్యాబ్‌లో ఉండే పదహారు అక్షరాలు, రెండు వరసల ఎల్‌సీడీ ఉంది కదా, దాంట్లో ఒక్కో అక్షరానికి అడ్డం 5, నిలువు 8 చుక్కలు. సొంతంగా గీసుకోగలిగేవి 8 అక్షరాలే. “శుక్రవారం” దాంట్లో పట్టదు, క్రావడి ఎక్కడ పెడతారు? గ్రాఫిక్ డిస్‌ప్లే కావాలి. ఆ తర్వాత అక్షరం సైజు. ఇంగ్లీషు కొలతలు తెచ్చి ఇక్కడ పెట్టొద్దు. తెలుగులో అక్షరం కనబడినంత దూరానికి ఒత్తు కనబడదు. వ, ప, మ, య దూరం నుంచి ఒకేలా గుండ్రంగా ఉంటాయి. గది ఈ చివర మంచం మీద పడుకున్న మనిషికి ఒత్తు కనబడిందా లేదా, అదీ మీ కొలత. ముసలి కంటికి నలుపు మీద నీలం అసలు తేలదు, తెలుపు మీద నలుపు రాయండి.

చదువు రానివాళ్ళకి? బొమ్మలు. సూర్యుడు, చంద్రుడు సరిపోతాయి అనుకుంటాం. ఒక మామ్మగారు చందమామ బొమ్మ చూసి పౌర్ణమా అని అడిగారు. అడగరా మరి, ఆవిడకి నెల నడిచేదే తిథితో. అందుకని బొమ్మ ఎంచేముందు, ఈవిడ ఇప్పటిదాకా వేళ ఎలా పోల్చుకుంటోంది అని చూడండి. పాలవాడు, గుడి గంట, సీరియల్ పాట, నెల మొదట్లో ఇంటికొచ్చే పింఛను. ఒకావిడ దగ్గర మేము చివరికి తెరే పెట్టలేదు. పొద్దున్న సుప్రభాతం, సాయంత్రం దీపం పెట్టే వేళకి గుడి గంట, రెండు శబ్దాలు వచ్చే ఒక చిన్న పెట్టె. అంతే.

ఇంకో చిక్కు. ఈ-పేపర్ తెర వాడితే కరెంటు తక్కువ తాగుతుంది, కరెంటు పోయినా బొమ్మ అలాగే ఉంటుంది. విద్యార్థులకి ఇది గొప్పగా అనిపిస్తుంది. జాగ్రత్త. కరెంటు పోయి రెండు రోజులైనా ఆ తెర మీద మొన్నటి వారమే ఉంటుంది. తప్పు చెప్పే గడియారం కన్నా ఖాళీ గడియారం నయం. లోపల గడియారం చిప్‌కి బటన్ బ్యాటరీ పెట్టండి. డీఎస్3231 లాంటి చిప్ ఏడాదికి ఒకటి రెండు నిమిషాలకి మించి తప్పదు. బ్యాటరీ పడిపోతుంటే తెర తనంతట తాను ఖాళీ అయిపోయేలా రాయండి.

కరెంటు అన్నాం కాబట్టి, మనవాళ్ళ ఒక అలవాటు. రాత్రి పడుకోబోయే ముందు పెద్దవాళ్ళు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ ఆపేస్తారు. జీవితమంతా చేసిన పని, డిమెన్షియాలో కూడా మర్చిపోరు. మీ పరికరం ప్లగ్గులో ఉంటే రోజూ రాత్రి తొమ్మిదింటికి చచ్చిపోతుంది. స్విచ్చు మీద ప్లాస్టర్ అంటించకండి, ఆవిడ పీకేస్తుంది, పీకే హక్కు ఆవిడకి ఉంది. బ్యాటరీ మీద నెలల తరబడి నడిచేలా చేయండి. మన తీరంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదో ఇక్కడ కూర్చున్న శ్రీకాకుళం వాళ్ళని అడగండి. అలాంటప్పుడు నెట్ లేకపోతే మూగబోయే పరికరం, సరిగ్గా కావలసిన వారంలోనే చేతులెత్తేస్తుంది.

మాత్రలు. దీని మీద ప్రాజెక్టులు చాలా వస్తాయి, అన్నిటిలో ఒకటే లోపం. ఫోన్‌లో అలారం మోగుతుంది, హాల్లో ఉన్న ఆయన దాన్ని ఆపుతాడు, మాత్రల కోసం లేచి లోపలికి నడుస్తాడు, గుమ్మం దాటేసరికి ఎందుకు లేచానో పోతుంది. అలారానికీ మాత్రకీ మధ్య ఉన్న ఆ పది అడుగుల్లో జబ్బు ఉంది. కాబట్టి శబ్దం మాత్రల పెట్టెలోంచే రావాలి, పెట్టె ఆయన కూర్చునే చోటే ఉండాలి, మూత తీస్తేనే ఆగాలి. మళ్ళీ తీస్తే రెండో మాత్ర దొరక్కూడదు. షుగర్ మాత్ర రెండుసార్లు పడితే ఏమవుతుందో వెనక వరసలవాళ్ళకి తెలుసు. ఇక ఆ శబ్దం. మీరు బల్ల మీద పెట్టే పిజో బజర్ మూడు కిలోహెర్ట్జ్ దగ్గర కీచుమంటుంది. వయసుతో ముందు పోయేది సరిగ్గా ఆ పై స్థాయి వినికిడే. నిద్రలో ఉన్న, చెవి తగ్గినవాళ్ళని లేపడానికి ఆ కీచు కన్నా 520 హెర్ట్జ్ దగ్గరి బరువైన శబ్దం బాగా పనిచేస్తుందని ఫైర్ అలారాల మీద చేసిన పరీక్షల్లో తేలింది. చిన్న స్పీకర్ పెట్టండి, నాలుగు డబ్బులు ఎక్కువైతే అయింది.

శబ్దం బదులు మాట పెడదాం అంటారు. “నాన్నా, మాత్ర వేసుకో” అని కూతురి గొంతు రికార్డు చేసి. వినడానికి మనసుకి హాయిగా ఉంటుంది. కానీ మాట వినగానే ఆయన మాత్ర వైపు చూడడు, కూతురు వచ్చిందని వీధిలోకి పరిగెడతాడు. లేకపోతే “ఎవులది? ఎవులు మాటాడతన్నారు?” అని గదులన్నీ వెతుకుతాడు. కొందరికి ఆ గొంతు నిజంగానే ధైర్యం ఇస్తుంది, అది నేను చూశాను. ఎవరికి ఏది పడుతుందో వాళ్ళింట్లో పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఒక్కటి మాత్రం ఖాయం. మాటే పెట్టేటట్టయితే టీవీ వార్తల తెలుగు పెట్టకండి. “టాబ్లెట్ తీసుకోవలసిన సమయం అయినది” అంటే ఆవిడకి అది బస్టాండు అనౌన్స్‌మెంటు. “మాత్ర ఏసుకోమ్మా” అనాలి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది చిన్నప్పటి భాషలోకి వెళ్తారు. ఏ భాషలో లాలిపాట విన్నారో అడగండి, ఆ భాషలో రికార్డు చేయండి.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. గజపతినగరం వైపు ఒక ఇల్లు. పెద్దావిడకి డిమెన్షియా తొలి దశ అని తేలింది. రెండుసార్లు గిన్నె మాడింది. పట్నం నుంచి కొడుకు వచ్చి, గ్యాస్ రెగ్యులేటర్ దగ్గర ఇరవై నిమిషాల టైమర్ బిగించి వెళ్ళాడు. టైమ్ అవగానే గ్యాస్ ఆగిపోతుంది. మంచి పరికరం, చక్కగా పనిచేసింది. ఆవిడకి మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పినా నిలవదు. పొయ్యి ఆగింది. “గేసు అయిపోనాది” అని పక్కింటి కుర్రాణ్ణి పిలిచి బండ మార్పించింది. మర్నాడు మళ్ళీ ఆగింది. నిండు బండ మళ్ళీ మార్చడానికి ఆ కుర్రాడు ఒప్పుకోలేదు. ఆవిడ మూడో రోజు నుంచి పొయ్యి వెలిగించడం మానేసింది. “నా సేతికే ఏదో అయిపోనాది” అంది. అగ్నిప్రమాదం తప్పింది, కొడుకు ఫోన్‌లో అంతా పచ్చగా ఉంది. ఆ ఇంట్లో ఆవిడకి ఉన్న పెద్దరికం వంటింట్లో ఉండేది, అది పోయింది.

ఆ టైమర్‌లో ఏం మార్చాలి? పిల్లలూ, ఇది రాసుకోండి. ఒకటి, ఆపే ముందు చెప్పాలి. స్టవ్ పక్కనే ఒక దీపం, ఒక గంట, ఆపడానికి రెండు నిమిషాల ముందు. రెండు, ఆపాక ఎందుకు ఆగిందో కనబడాలి. మూడు, తిరిగి తెరిచే మీట ఆవిడ చేతికి అందాలి, అది రెగ్యులేటర్ మీట లాగే తిరగాలి. ఫోన్‌లో ఓటీపీ అడగకూడదు. ఆవిడ అక్కడ నిలబడి మీట తిప్పిందంటే పొయ్యి దగ్గరే ఉందని అర్థం, మీకు కావలసింది కూడా అదే కదా. నాలుగు, ఇరవై నిమిషాలు ఎవరు పెట్టారు? టీకి అది ఎక్కువ, ఆదివారం నాటుకోడికి ఏమూలకీ చాలదు. వేళను కొలవడం కన్నా గిన్నె వేడిని కొలవడం మంచిది. నీళ్ళున్నంతసేపు గిన్నె అడుగు వేడి ఒక హద్దు దాటదు, ఇగిరిపోయాక గబగబా పెరుగుతుంది. ఆ పెరుగుదలని పట్టుకునే సెన్సర్ మీరు చేయగలరు. వేపుడికి ఈ లెక్క కుదరదు, దానికి ఇంకేదైనా ఆలోచించాలి. ఇదీ అసలు ప్రాజెక్టు అంటే.

గ్యాస్ లీకు సెన్సర్ పెట్టే వాళ్ళకి ఒక మాట. ఇంటి గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీద పాకుతుంది. సెన్సర్ని నేలకి జానెడు ఎత్తులో పెట్టాలి, స్లాబు కింద కాదు. ఈ మధ్య ఒక ఎగ్జిబిషన్లో ఫ్యాను పక్కన బిగించినది చూశాను, అందుకని చెప్తున్నా. ఇండక్షన్ పొయ్యి కొనిస్తే ఈ గొడవే ఉండదు కదా అని కొందరు అంటారు. నున్నటి గాజు మీద మీటలు లేవు, వేలు ఆరిపోయి ఉంటే టచ్ తీసుకోదు, ఉన్న గిన్నెల్లో సగం పనికిరావు, మంట కనబడదు. అరవై ఏళ్ళు మంట చూసి వండిన మనిషికి మంట తీసేశాం. జబ్బు రాకముందే అలవాటు చేసుకుంటే వేరే సంగతి, యాభైల్లో ఉన్నవాళ్ళు ఆలోచించండి.

తప్పిపోవడం. కుటుంబాలకి దీని భయమే ఎక్కువ, నాకు తెలుసు. ఇదే విజయనగరంలో ఒక లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. రోజూ సాయంత్రం కోట మీదుగా పెద్ద చెరువు గట్టు దాకా వెళ్ళి, గంటస్తంభం దగ్గర టీ తాగి ఇంటికి చేరతారు. ఒకరోజు దారి తప్పి చీకటి పడ్డాక వచ్చారు. అబ్బాయి వెంటనే జీపీఎస్ వాచీ పంపించాడు. మాస్టారు పెట్టుకోలేదు. ఆయన ఎడమ చేతికి పెళ్ళినాటి హెచ్ఎంటీ వాచీ ఉంది, అది ఎందుకు తీస్తారు? పైగా కొత్తదాన్ని రోజూ చార్జింగ్ పెట్టాలి, అంటే ఇంకో కొత్త పని. ఇంట్లో అందరూ కలిసి ఆయన్ని ఎలా ఒప్పించాలా అని చర్చ. నేను వెళ్ళినప్పుడు ఆయన అక్కడే కుర్చీలో ఉన్నారు, ఎవరూ ఆయన్ని అడగడం లేదు. అడిగాను. “నన్ను మీరు ఎలా వెతకాలా అని చూస్తున్నారు. నేను ఇంటికి ఎలా రావాలో దానికి ఏదైనా ఉందా?” అన్నారు.

ఉంది. ఒకే మీట ఉన్న చిన్న ఫోన్, నొక్కితే వాళ్ళావిడకి వెళ్తుంది. జేబులో అడ్రసు, ఫోన్ నంబరు ఉన్న కార్డు. ఆయన టీ తాగే బడ్డీ అతనికి, గట్టు దగ్గర పళ్ళ బండి ఆవిడకి ఆయనే స్వయంగా చెప్పారు, “నాకు ఈమధ్య దారి తడబడుతోంది, అడిగితే చెప్పండమ్మా” అని. ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది. ఫోన్‌లో జీపీఎస్ కూడా ఉంది, ఆయన ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. ఊరికే చూస్తూ కూర్చోకూడదు, ఏడున్నరకి ఇంటికి రాకపోతేనే చూడాలి. ఆ షరతుని సాఫ్ట్‌వేర్‌లోనే రాయొచ్చు, రాశాం. ఏడున్నర దాకా అబ్బాయికి మ్యాప్ తెరుచుకోదు. జీపీఎస్ ఆరుబయట అయిదు పది మీటర్ల తేడాతో చెబుతుంది కానీ ఇరుకు సందుల్లో, ఇంటి లోపల దాన్ని నమ్ముకోవడానికి లేదని అబ్బాయికి కూడా చెప్పాం. బడ్డీ అతను జీపీఎస్ కన్నా గట్టి సెన్సర్.

అడగడం అన్నాను. తొలి దశలో మనిషి అవునో కాదో చెప్పగలడు. ఏడాది రెండేళ్ళ తర్వాత చెప్పగలడో లేదో. కాబట్టి ఇప్పుడే అడగాలి, కెమెరా పెట్టొచ్చా, స్నానాల గది దగ్గర వద్దా, ఎవరు చూడొచ్చు, ఎప్పుడు తీసేయాలి. ఒక కాగితం మీద రాసి, కొన్ని నెలలకోసారి మళ్ళీ అడగాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ముందుముందు తనకి ఎలాంటి చికిత్స కావాలో, వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆ పద్ధతే పరికరాలకీ పాటించండి. నిద్రపోతున్నప్పుడు చెప్పుల్లో ట్రాకర్ కుట్టేసే ఐడియా ఒకటి మీ జాబితాలో ఉంది. తెలివైన ఐడియానే. నేనైతే చేయను.

పరికరాలు పెడితే అంతా బాగైపోతుందని కూడా అనుకోకండి. ఇంగ్లండ్‌లో అటిలా అనే పెద్ద పరీక్ష జరిగింది, డిమెన్షియా ఉన్న 495 మందితో. సగం మందికి అవసరాలు అంచనా వేసి పూర్తి స్థాయి పరికరాలు పెట్టారు, మిగతా సగానికి పొగ అలారం లాంటి మామూలు వాటితో సరిపెట్టారు. సొంత ఇంట్లో ఉండగలిగిన కాలంలో తేడా రాలేదు. 2021లో ఫలితాలు వచ్చాయి. దీన్ని చూసి పరికరాలు దండగ అనేవాళ్ళున్నారు. నా అభిప్రాయం వేరు. అక్కడ కొలిచింది వృద్ధాశ్రమానికి వెళ్ళడం ఎన్ని రోజులు ఆగింది అని. మన ఇళ్ళలో ఆ ప్రశ్నే తక్కువ, ఇక్కడ మనిషి ఎలాగూ ఇంట్లోనే ఉంటాడు. ఇంట్లో ఏం చేస్తూ ఉన్నాడు అన్నదే మన ప్రశ్న. దాన్ని ఇక్కడివాళ్ళే కొలవాలి.

మీరు కొలిచేటప్పుడు “బాగుందా మామ్మా” అని అడగొద్దు. బాగుంది నాయనా అంటుంది, మీరు కాలేజీ నుంచి ఎండలో వచ్చారు, బాగులేదని ఎలా అంటుంది? మజ్జిగ కూడా ఇస్తుంది. పరికరం అక్కడ వదిలేసి రండి. నెల తర్వాత చెప్పకుండా వెళ్ళండి. వాడుతోందా, గుడ్డ కప్పి ఉందా, బీరువా మీదకి ఎక్కిందా, అదే మీ రిజల్ట్స్ చాప్టర్. గుడ్డ కప్పి ఉంటే ఆ ఫోటో కూడా రిపోర్టులో పెట్టండి, వైవాలో మార్కులు పోతే పోయాయి. వాడేటప్పుడు తప్పు చేయనిచ్చి తర్వాత సరిదిద్దడం కూడా ఈ జబ్బులో పనిచేయదు, తప్పే గుర్తుండిపోతుంది. రేడియో లాంటి పాత అలవాటున్న వస్తువు కాకపోతే, రెండు మీటలుంటే తప్పు మీట నొక్కుతారు. ఒకటే ఉంచండి.

ప్రశ్నలకి టైమ్ ఉందంటున్నారు. అడగండమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, మరి యాప్ అసలు చేయకూడదా?)

చెయ్యమ్మా, కోడలి కోసం చెయ్యి. మందుల చీటీలు, డాక్టర్ డేట్లు, ఎవరు ఏ రోజు తోడుగా ఉండాలి, ఇవన్నీ ఆవిడ తలలో మోస్తోంది. ఆ యాప్‌కి పేరు మాత్రం కోడలి యాప్ అని పెట్టు, పేషెంట్ యాప్ అనకు.

(వెనక నుంచి ఒకరు: మా నాన్నగారికి ఇప్పుడిప్పుడే మొదలైందండి. ముందు ఎక్కడికి వెళ్ళాలి?)

ముందు జిల్లా ఆసుపత్రికి, ఇందాక చెప్పిన థైరాయిడ్, బీ12 పరీక్షలకి. దారి తోచకపోతే 14567కి ఫోన్ చేయండి, వృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, ఉచితం. మీకే మనసు బాగోకపోతే 14416, టెలీ మానస్. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ ఉన్నవాళ్ళ కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ 1992 నుంచి పనిచేస్తోంది, వాళ్ళనీ కదపండి. పరికరాల సంగతి ఆ తర్వాత. మీ నాన్నగారు రోజూ ఏం చేస్తారండీ? కొబ్బరితోటకా? అయితే ఆయన తోటకి ఎలా వెళ్తారు, ఏం పట్టుకెళ్తారు, ఎవరు ఎదురవుతారు, ఈ వారం గమనించి రాసి పెట్టండి. ఇదిగో, గిన్నె వేడి సెన్సర్ గురించి ఇందాక చెయ్యెత్తిన అబ్బాయి, నువ్వు వీరి నంబరు తీసుకో. వచ్చే ఆదివారం నాతో ఉద్దానం రాగలవా?